మకెరెరేనా, కేప్‌టౌనా, అడిస్ అబాబానా: ఆఫ్రికా యూనివర్సిటీని రీసెర్చి చూసి ఎంచుకోవడం ఎలా

ఈ మధ్య నాకు ఒకే రకం ప్రశ్న పదే పదే వస్తోంది. "సార్, ఆఫ్రికాలో పీహెచ్‌డీకి సీటు వచ్చేలా ఉంది, యూనివర్సిటీ మంచిదేనా?" అని ఒకరు, "కంపాలా నుంచి ఒక ప్రొఫెసర్ కలిసి ప్రాజెక్టు రాద్దాం అంటున్నాడు, వాళ్ళ రీసెర్చి ఏ పాటిదండీ?" అని ఇంకొకరు. నేను ఇథియోపియాలో మూడేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి కాబట్టి ఆఫ్రికా మొత్తం నాకు కొట్టిన పిండని వీళ్ళ నమ్మకం. యాభై నాలుగు దేశాలండీ బాబూ. శ్రీకాకుళంలో పనిచేసి వచ్చినవాణ్ణి పట్టుకుని గుజరాత్ గురించి అడిగినట్టుంటుంది. అయినా ఈ రీసెర్చి లెక్కలతో నేనూ కొంత కుస్తీ పట్టాను, ఒకటి రెండుసార్లు బోర్లా పడ్డాను కూడా, అందుకని తెలిసినంత రాస్తున్నా.

అందరూ చేసే పని ఒకటే. ర్యాంకుల సైటు తెరుస్తారు, ఆఫ్రికా అని కొడతారు, పైన యూనివర్సిటీ ఆఫ్ కేప్‌టౌన్ కనిపిస్తుంది, దాని దగ్గర్లోనే విట్స్ (విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ), స్టెలెన్‌బాష్, కైరో ఉంటాయి, ఇంకా కిందికి దిగితే ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరే, నైజీరియాలోని ఇబదాన్, ఇథియోపియాలోని అడిస్ అబాబా. "ఓహో, అయితే కేప్‌టౌనే" అని ల్యాప్‌టాప్ మూసేస్తారు. కేప్‌టౌన్ గొప్పదే, అందులో వాదన లేదు. కానీ పెళ్ళిసంబంధం చూడ్డానికి వెళ్ళి, అబ్బాయి సంగతి వదిలేసి, ఆ ఊళ్ళో మొత్తం ఎన్ని ఎకరాలున్నాయో లెక్కేసుకుని వస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. మీరు చేసుకోబోయేది ఊరిని కాదు కదా.

నా మాట ముందే చెప్పేస్తా. పేపర్ల సంఖ్య, మొత్తం సైటేషన్లు (అంటే ఆ పేపర్లని వేరేవాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో ఆ లెక్క), ర్యాంకు, ఈ మూడూ పక్కన పెట్టండి. మీ సబ్జెక్టులో వచ్చిన మంచి పేపర్లు తీసి, వాటి మీద ఆ యూనివర్సిటీ వాళ్ళ పేరు ఎక్కడ ఉందో చూడండి. మొదట ఉందా, చివర ఉందా, నడిమధ్యలో నలిగిపోతోందా.

పేరు ఎక్కడుంది

వైద్యం, బయాలజీ, వ్యవసాయం లాంటి వాటిల్లో మొదటి పేరు పని చేసి రాసిన మనిషిది. చివరి పేరు పెద్దాయనదో పెద్దావిడదో, అంటే ల్యాబు, డబ్బు, ఆలోచన ఎవరివో వాళ్ళది. మధ్యలో ఉండేవాళ్ళు సాంపిల్స్ ఇచ్చినవాళ్ళు, లెక్కలు కట్టినవాళ్ళు, ఒక్కోసారి మర్యాద కోసం చేర్చినవాళ్ళు. (గణితం, ఎకనామిక్స్ వాళ్ళు తరచూ అక్షరక్రమంలో వేసుకుంటారు, అక్కడ ఈ లెక్క పనిచేయదు, వాళ్ళు నన్ను తిట్టుకోకండి.) ఆఫ్రికా యూనివర్సిటీల విషయంలో ఏళ్ళ తరబడి నలుగుతున్న గొడవ ఇదే. రోగులు అక్కడివాళ్ళు, రక్తం అక్కడిది, ఎండలో ఇల్లిల్లూ తిరిగిన నర్సులు అక్కడివాళ్ళు, పేపరు మీద మొదటా చివరా మాత్రం లండనో బాల్టిమోరో.

మకెరెరే చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణలున్నాయి. కంపాలాలోని ములాగో ఆసుపత్రి మకెరెరే మెడికల్ స్కూలుకి బోధనాసుపత్రి. అక్కడ డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ 1957లో పిల్లల దవడల్లో వస్తున్న వింత గడ్డలను గమనించి, 1958లో పేపరు వేశాడు. 1961లో ఇంకో ఇద్దరిని వెంటేసుకుని, పాత ఫోర్డు బండిలో తూర్పు ఆఫ్రికా నుంచి దక్షిణానికి ఆసుపత్రి ఆసుపత్రీ తిరుగుతూ, ఆ జబ్బు ఎక్కడుంది ఎక్కడ లేదు అని మ్యాపు గీసుకొచ్చాడు, పదివేల మైళ్ళ ప్రయాణం అది. ఆ గడ్డల ముక్కలు కంపాలా నుంచి విమానమెక్కి లండన్ వెళ్ళాయి. 1964లో అక్కడ ఎప్‌స్టైన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు వాటిల్లో ఒక వైరస్‌ని పట్టుకున్నారు, మనిషిలో క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌లలో మొదట దొరికింది అదే. ఇప్పుడు దాన్ని ఎప్‌స్టైన్-బార్ వైరస్ అంటాం. కంపాలా పేరు అందులో ఎక్కడా లేదు. పాపం అచాంగ్ పేరూ లేదనుకోండి.

ఇప్పుడు ఇంకోటి చూడండి. 1985లో ఉగాండాలో మనిషి చిక్కి శల్యమైపోయే ఒక జబ్బుని జనం "స్లిమ్" అని పిలిచేవాళ్ళు. అది ఎయిడ్స్ వైరస్‌తో ముడిపడి ఉందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపరుకి మొదటి పేరు డేవిడ్ సెర్వడ్డా, మకెరెరేలో చదివిన ఉగాండా డాక్టరు, తర్వాత అక్కడి పబ్లిక్ హెల్త్ స్కూలుకి డీన్ కూడా అయ్యాడు. 1988లో రకాయి జిల్లాలో మొదలైన హెచ్‌ఐవీ పరిశోధనలోనూ ఆయనది పెద్ద చెయ్యి. ఆ రకాయి నుంచే 2007లో ఇంకో పెద్ద పేపరు వచ్చింది. దాదాపు 5,000 మంది మగవాళ్ళతో చేసిన ట్రయల్ అది, సున్తీ చేయించుకున్నవాళ్ళకి హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు సగానికి తగ్గుతుందని తేల్చింది. ఆ ఫలితాలు ఆఫ్రికాలో చాలా దేశాల ఆరోగ్య విధానాన్నే మార్చేశాయి. దాని మీద మొదటి పేరూ చివరి పేరూ అమెరికా జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళవి, మధ్యలో వరసగా ఉగాండా పేర్లు.

అలా అని మధ్యలో ఉన్న పేరుని తీసిపారేయకండి. రకాయిలో ఆ ఇరవై, ముప్పై ఏళ్ళ పనిలో తయారైనవాళ్ళు తర్వాత సొంతంగా పేపర్లు నడిపించే స్థాయికి వచ్చారు. మీరు చూడాల్సింది ఒక్క పేపరు కాదు, పదేళ్ళలో పేరు మధ్యలోంచి అంచులకు జరుగుతోందా లేదా అన్నది.

వాపా, బలుపా

సైటేషన్ల దగ్గరే నేను ఒకసారి బోల్తా పడ్డా. ఒక చిన్న యూనివర్సిటీ, పేరు అనవసరం, ఒక్కో పేపరుకి సగటు సైటేషన్లు చూస్తే కళ్ళు తిరిగాయి. అబ్బో అనుకుని లోపలికి వెళ్ళి చూస్తే తేలిందేమిటంటే, ప్రపంచవ్యాప్తంగా జబ్బుల భారాన్ని లెక్కగట్టే ఆ పెద్ద సిరీస్ ఉంది చూశారూ, వందల మంది రచయితలుంటారు, ఒక్కోదానికి వేలల్లో సైటేషన్లు, అందులో వీళ్ళ ఫ్యాకల్టీ ఇద్దరు ముగ్గురున్నారు. ఆ నాలుగైదు పేపర్లు తీసేస్తే మిగతాది మామూలే. వాళ్ళ తప్పేమీ లేదు, పని చేశారు పేరు వచ్చింది, ఆ సగటుని చూసి యూనివర్సిటీ మొత్తాన్ని అంచనా వేసింది నేను.

ఫిజిక్స్‌లో ఇది ఇంకా విడ్డూరం. 2015లో హిగ్స్ కణం బరువు లెక్కగట్టిన పేపరుకి 5,154 మంది రచయితలు. జోహన్నెస్‌బర్గ్‌లోని విట్స్ లాంటి యూనివర్సిటీలు ఆ ప్రయోగాలు జరిగే యూరప్ కేంద్రం సెర్న్‌లో భాగస్వాములు, కాబట్టి ఆ సైటేషన్లన్నీ వాళ్ళ ఖాతాలోనూ పడతాయి. ఈ తలనొప్పి భరించలేకే టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకులవాళ్ళు 2015లో వెయ్యిమందికి మించి రచయితలున్న 649 పేపర్లని లెక్కలోంచే తీసేశారు, మరుసటి ఏడాది నుంచి అలాంటి పేపర్ల సైటేషన్లని యూనివర్సిటీలకి వాటాలు వేసి ఇవ్వడం మొదలెట్టారు. మీకు తప్పనిసరిగా ఏదో ఒక ర్యాంకింగే చూడాలనిపిస్తే నెదర్లాండ్స్ లైడెన్ యూనివర్సిటీ వాళ్ళది చూడండి, అందులో వాటాల లెక్క ఉంటుంది, సబ్జెక్టుని బట్టి సర్దుబాటూ ఉంటుంది, పేరుప్రతిష్ఠల సర్వే అనే గాలి కబురు ఉండదు.

పేపర్ల సంఖ్యకి వస్తే దక్షిణాఫ్రికాది వేరే కథ. అక్కడ ప్రభుత్వం గుర్తించిన జర్నల్లో పేపరు వస్తే యూనివర్సిటీకి డబ్బిస్తుంది, ఒక్కో పేపరు యూనిట్‌కి లక్ష రాండ్లకు పైమాటే, రచయితలు బయటివాళ్ళుంటే వాటా కోత. డబ్బులొస్తున్నాయంటే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. మంచి పరిశోధన పెరిగింది, దాంతోపాటు ఒక పేపరుని మూడు ముక్కలు చేసి వేయడమూ పెరిగింది, డబ్బు తీసుకుని ఏదిస్తే అది అచ్చేసే జర్నళ్ళకీ గిరాకీ వచ్చింది. ఆ చెత్త జర్నళ్ళ వ్యాపారంలో మన వాటా తక్కువేం కాదులెండి, మన హైదరాబాదులోనే ఉన్న ఒక ప్రచురణ సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఆఫ్రికా ప్రొఫెసర్ల సీవీల్లో ఈ బాపతు జర్నళ్ళ పేర్లు కనిపిస్తే నవ్వే ముందు అవి ఎక్కడి నుంచి నడుస్తున్నాయో కూడా చూసుకోవాలి మనం.

ఇంకోవైపు, లెక్కల్లో కనపడని బలం కూడా ఉంది. ఆఫ్రికాలో అచ్చయ్యే జర్నళ్ళు చాలావరకు స్కోపస్‌లో (పేపర్లనీ సైటేషన్లనీ లెక్కగట్టే, డబ్బు కట్టి వాడే డేటాబేసు) ఉండవు, ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్ అని 1998 నుంచి నడుస్తున్న సైటు ఉంది, అక్కడ దొరుకుతాయి. చరిత్ర, సాహిత్యం, భాషల వాళ్ళు రాసే పుస్తకాలైతే ఈ లెక్కల్లోకి చాలావరకు ఎక్కవు. తెలుగు శాఖ ప్రొఫెసర్ గారి స్కోపస్ స్కోరు ఎంత అని అడిగినట్టే.

సరే, ఏది దేనికి

కేప్‌టౌన్‌ది డబ్బూ ల్యాబూ ఉన్న ఇంటి వ్యవహారం. 1829లో కాలేజీగా మొదలై 1918లో యూనివర్సిటీ అయింది. 1967 డిసెంబర్‌లో ప్రపంచంలో మొదటిసారి మనిషి నుంచి మనిషికి గుండె మార్చిన క్రిస్టియాన్ బర్నార్డ్ వీళ్ళ మనిషే, గ్రూట్ షూర్ వీళ్ళ బోధనాసుపత్రే. సీటీ స్కాన్ వెనకున్న లెక్కలు చేసి 1979లో నోబెల్ తీసుకున్న అలన్ కోర్మాక్ ఇక్కడ చదివి ఇక్కడే పాఠాలు చెప్పాడు. కానీ పాత వైభవం చూసి వెళ్ళమనను నేను. 2010లో కెల్లీ చిబాలే అనే జాంబియాలో పుట్టిన కెమిస్టు అక్కడ హెచ్3డీ అనే మందుల పరిశోధన కేంద్రం పెట్టాడు, మలేరియాకి ఎంఎంవీ048 అనే మందు కనిపెట్టి 2014లో మనుషుల మీద ట్రయల్ దాకా తీసుకెళ్ళారు. ఆ మందు చివరికి మార్కెట్టుకి రాలేదు, అది వేరే సంగతి, మందుల్లో చాలావరకు రావు. ఆలోచన అక్కడ పుట్టి, ల్యాబు పని అక్కడ జరిగి, జట్టుని నడిపింది అక్కడి మనిషి కావడం ఆఫ్రికాలో అరుదైన విషయం, నన్నడిగితే ఆ ఊళ్ళో చూడాల్సింది ఇది. కెమిస్ట్రీ, ఫార్మా చదివి హైదరాబాద్ కంపెనీల్లో రెండేళ్ళు పనిచేసి పీహెచ్‌డీ అనుకునేవాళ్ళకి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఆఫ్రికాలో దొరకదు. ఖర్చెక్కువ, పోటీ ఎక్కువ, జాగ్రత్తలు కూడా ఎక్కువ కావాలి. ఆఫ్రికన్ స్టడీస్ కోసం వెళ్ళేవాళ్ళకి ఒక మాట: 2021 ఏప్రిల్‌లో కొండమీద నుంచి వచ్చిన మంటల్లో జాగర్ లైబ్రరీ కాలింది, ఆ సేకరణల్లో ఏవి మిగిలాయో ముందే రాసి కనుక్కోండి.

దక్షిణాఫ్రికా అనగానే కేప్‌టౌన్ ఒక్కటే కాదు. మానవ పరిణామం, ఎముకల శిలాజాలు అంటే విట్స్‌కి పోవాలి, 1924లో దొరికిన టౌంగ్ పిల్ల పుర్రె దగ్గర్నుంచి 2015లో ప్రకటించిన హోమో నలేడీ అనే పాత మానవజాతి దాకా వాళ్ళదే. హెచ్‌ఐవీ ట్రయల్స్ అంటే డర్బన్‌లోని క్వాజులూ-నటాల్ యూనివర్సిటీ, అక్కడి కాప్రిసా కేంద్రం నడిపిన అబ్దుల్ కరీం దంపతులు 2010లో ఆడవాళ్ళు వాడే టెనోఫోవిర్ జెల్ ఫలితాలు వేశారు. డర్బన్‌లో అయితే మన చెరకు తోటల కాలం నాటి తెలుగు కుటుంబాలు కూడా కనిపిస్తాయి, తెలుగు మాట్లాడగలిగేవాళ్ళు తక్కువ, ఇంటిపేర్లు మాత్రం మిగిలాయి.

మకెరెరేకి వద్దాం. 1922లో టెక్నికల్ స్కూలుగా మొదలైంది, 1970లో సొంత యూనివర్సిటీ. ఇక్కడ బలం ల్యాబులో కంటే ఫీల్డులో ఉంది. ములాగో పక్కన ఉన్న ఇన్ఫెక్షస్ డిసీజెస్ ఇన్‌స్టిట్యూట్, రకాయి గ్రామాలు, ఏళ్ళ తరబడి అవే కుటుంబాలని అనుసరిస్తూ సేకరించిన డేటా. ఎపిడెమియాలజీ, పబ్లిక్ హెల్త్, మలేరియా, టీబీ, ఎయిడ్స్ మీద పనిచేసేవాళ్ళకి ఈ అనుభవం డబ్బు పెట్టి కొనలేరు. కంప్యూటర్స్ వాళ్ళకి కూడా ఒక మంచి జట్టుంది, ఎయిర్‌క్యూ అని, తక్కువ ఖర్చులో గాలి కాలుష్యం కొలిచే పరికరాలు సొంతంగా తయారుచేసి కంపాలాలో మోటార్‌సైకిల్ టాక్సీల మీద కూడా బిగించారు, ఇప్పుడు ఇతర ఆఫ్రికా నగరాలకీ ఇస్తున్నారు. ఇది అచ్చంగా వాళ్ళ ఆలోచనే. సామాజిక శాస్త్రాలకి మహ్మూద్ మమ్దానీ 2010 నుంచి పన్నెండేళ్ళు నడిపిన సామాజిక పరిశోధన సంస్థ ఉంది. కన్సల్టెన్సీ రిపోర్టులు రాసి బతికే పద్ధతి వద్దు, చదవడం నేర్చుకోండి అని పట్టుబట్టి పీహెచ్‌డీలో క్లాసులు పెట్టించిన మనిషి, దాని మీద గొడవలూ అయ్యాయి.

మకెరెరేకి ఉన్న చిక్కు డబ్బు. పెద్ద గ్రాంటులు ఎక్కువగా బయటి దేశాలవి, స్వీడన్‌ది 2000 నుంచి చాలా ఏళ్ళు పెద్ద చెయ్యి, అమెరికా డబ్బు మీదా బాగా ఆధారపడ్డారు. కాబట్టి మీ గైడు గారి గ్రాంటు ఎవరిది, ఎప్పుడు అయిపోతుంది అన్నది సీటు లెటర్ కంటే ముఖ్యం. సమ్మెలు కూడా ఉంటాయి, 2016 నవంబర్‌లో అధ్యక్షుడు ముసెవేని ఏకంగా యూనివర్సిటీనే మూయించాడు, మళ్ళీ తెరిచేసరికి కొత్త సంవత్సరం వచ్చింది.

అడిస్ అబాబా మీద నాకు కొంచెం పక్షపాతం, ముందే ఒప్పుకుంటా. 1950లో మొదలైన యూనివర్సిటీ. మన ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన ఇథియోపియన్లు అక్కడి డిపార్ట్‌మెంట్లలో కనిపిస్తారు, మనవాళ్ళూ ఆ దేశంలో చాలాచోట్ల పాఠాలు చెప్పారు, విశాఖ బీచ్ రోడ్డు గురించి మీతో మాట్లాడే ఇథియోపియా ప్రొఫెసర్ తారసపడితే ఆశ్చర్యపోకండి. అక్కడి రీసెర్చిని పేపర్ల లెక్కతో కొలవకూడదని నాకు అర్థమైంది అక్లీలు లెమ్మా అనే ఇథియోపియా శాస్త్రవేత్త కథ విన్నాక. 1964లో ఆయన ఉత్తర ఇథియోపియాలోని అద్వా ఊళ్ళో వాగు దగ్గర నత్తల మీద పనిచేస్తున్నాడు, బిల్‌హార్జియా అనే పరాన్నజీవి జబ్బుని మోసేవి ఆ నత్తలే. ఆడవాళ్ళు ఎండోడ్ కాయలతో బట్టలుతికే రేవుకి కిందివైపు నత్తలు చచ్చి తేలుతున్నాయని గమనించాడు. ఎండోడ్ అంటే మన కుంకుడుకాయ లాంటిదే అనుకోండి, నురగ వస్తుంది, బట్టలకి వాడతారు. ఊళ్ళో పండే కాయతో ఊళ్ళోనే జబ్బుని అడ్డుకోవచ్చు. కానీ పెద్ద పెద్ద అంతర్జాతీయ సంస్థలు ఆఫ్రికాలో చేసిన పరీక్షల్ని నమ్మడానికి ఏళ్ళు పూళ్ళు తిప్పించాయి, ఆ వివక్ష గురించి ఆయనే బాహాటంగా మాట్లాడాడు. 1989లో రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది. ఆయన పెట్టిన పాథోబయాలజీ సంస్థ ఇప్పుడు ఆయన పేరుతోనే అక్కడ నడుస్తోంది. పరాన్నజీవులు, పశువైద్యం, ఇథియోపియా చరిత్ర, భాషలు అయితే అడిస్ వెళ్ళండి. పరికరాలు ఎక్కువ కావలసిన కెమిస్ట్రీ అయితే వద్దు, ఒక రసాయనం తెప్పించుకోవడానికి నేను ఆరు నెలలు ఎదురుచూశాను, అది అడిస్ కాదు, ఇంకో ఊళ్ళో, అయినా అప్పట్లో విదేశీ మారకం కొరత దేశమంతటిదీ.

ఇబదాన్ గురించి క్లుప్తంగా. 1948లో మొదలైంది. ఆఫ్రికా చరిత్రని ఆఫ్రికన్లే రాయాలని నైజీరియా చరిత్రకారుడు కెన్నెత్ డికే కాలంలో ఇక్కడ మొదలైన చరిత్రకారుల బడి ప్రభావం ఏ సైటేషన్ లెక్కకీ అందదు. మతిమరుపు జబ్బు మీద అమెరికా ఇండియానా వాళ్ళతో కలిసి చేసిన పని 2001లో వచ్చింది, అరవై అయిదేళ్ళు, ఆ పైబడ్డవాళ్ళని చూస్తే, ఇబదాన్ యోరుబా తెగవాళ్ళలో ఏడాదికి 1.35 శాతం మందికి డిమెన్షియా కొత్తగా వస్తే ఇండియానాపొలిస్ నల్లజాతివాళ్ళలో 3.24 శాతం. వ్యవసాయం వాళ్ళకైతే ఊళ్ళోనే ఐఐటీఏ అనే అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, 1967లో పెట్టింది, మన పటాన్‌చెరులో 1972లో వచ్చిన ఇక్రిశాట్‌కి అక్క లాంటిది. కానీ సమ్మెలు. 2022లో నైజీరియా ప్రభుత్వ యూనివర్సిటీల అధ్యాపకులు ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా ఎనిమిది నెలలు సమ్మె చేశారు. వీసా గడువు మీద బతికే విద్యార్థికి ఎనిమిది నెలలంటే ఎంతో లెక్కేసుకోండి.

పది పేపర్ల పని

గూగుల్ స్కాలర్‌లోనో, ఓపెన్‌అలెక్స్‌లోనో (ఇది ఉచితం, స్కోపస్‌కి మీ కాలేజీ డబ్బు కట్టనవసరం లేదు) మీ సబ్జెక్టు, యూనివర్సిటీ పేరు, గత ఐదేళ్ళు పెట్టి పది పేపర్లు తీయండి. మొదటి పేరు ఏ ఊరిది, చివరి పేరు ఏ ఊరిది, ఉత్తరాలకి ఎవరి ఈమెయిల్ ఇచ్చారు, చివర్లో డబ్బు ఎవరిచ్చారని రాశారు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. డబ్బు బయటిదే అయినా మొదటి పేరు స్థానికులదైతే పర్వాలేదు. నాలుగూ బయటివే అయితే, ఆ బయటి యూనివర్సిటీకే నేరుగా అప్లై చేయడం గురించి ఆలోచించండి. ఆ తర్వాత మీ గైడు కాబోయే మనిషి పాత విద్యార్థులు ఎవరో ఆ పేపర్లలో మొదటి పేర్లలోనే దొరుకుతారు, వాళ్ళలో ఇద్దరికి మెయిల్ రాసి, స్టైపెండ్ నెలనెలా వచ్చేదా, ఎన్నేళ్ళు పట్టింది అని రెండే ప్రశ్నలు అడగండి. హెచ్-ఇండెక్స్ (పేపర్లూ సైటేషన్లూ కలిపి ఒక మనిషికి వేసే స్కోరు) చూడాలంటే చూడండి, యాభై దాటిన పెద్దమనిషికి మిమ్మల్ని కలవడానికి తీరిక ఉంటుందా అన్నది మాత్రం అందులో ఉండదు.

కంపాలా ప్రొఫెసర్ గురించి అడిగినతనికి ఈ పనే చెప్పాను. రెండు రాత్రులు కూర్చుని చేశాడు, సగానికి పైగా పేపర్లకి మొదటి పేర్లు మకెరెరేవే, రెండింటికి చివరి పేరు ఆ ప్రొఫెసర్‌దే. ఇప్పుడు ఇద్దరూ కలిసి ప్రాజెక్టు రాస్తున్నారు, అంతా సవ్యంగానే ఉంది గానీ డబ్బు ముందు ఎవరి యూనివర్సిటీ ఖాతాలోకి రావాలన్న దగ్గర పదిహేను రోజులుగా ఆగింది. మనవాడు ఇక్కడికే రావాలంటున్నాడు.